ఎనభై ఎనిమిదో నిమిషం

మా తమ్ముడికి కాదనడం రాదు. నడక రాకముందే బంతి తన్నడం వచ్చిందని మా నాన్న కోతలు కోస్తాడు గానీ, ఇరవై ఆరేళ్లు వచ్చినా ఆ ఒక్క మాట మాత్రం నోట పట్టుబడలేదు. ఎవరేమడిగినా గంగిరెద్దులా తలూపుతాడు. పక్కింటివాళ్లు బీరువా జరపాలంటే సరే. మడమ వాచి ఉన్నా క్లబ్బువాళ్లు ఆడమంటే సరే. వీణ్ని ఇలాగే వదిలేస్తే ఎవడో ఒకడు కట్టుబట్టలతో నిలబెడతాడని, పదేళ్లుగా వాడి కాగితాలు, ఒప్పందాలు, ఫోన్లు అన్నీ నేనే చూస్తున్నాను. నాది కళ్లజోళ్ల షాపు. అద్దాల కౌంటర్ కింద పైవరసలో ఫ్రేములుంటాయి, కిందివరసలో మావాడి పాస్‌పోర్టులు, అమ్మ పుట్టిన సర్టిఫికెట్టు, మోకాలి ఎక్స్‌రేలు ఉంటాయి.

అమ్మది ఒక దేశం, నాన్నది ఇంకో దేశం. మేం పుట్టి పెరిగింది నాన్న దేశంలో. ఇక్కడి లీగులో వాడు ఎడమవైపు డిఫెండరు. అభిమానులు వాడికి పెట్టిన పేరు 'సగం'. బాగా ఆడినరోజు 'మన సగం', గోలు వదిలినరోజు 'వాళ్ల సగం'. సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్తే మేనమామ పిల్లలు కూడా, ఎవరూ చెప్పకుండానే, అదే పేరు పెట్టారు. లెక్కప్రకారం రెండు సగాలు కలిస్తే ఒకటి కావాలి. మావాడి దగ్గరికి వచ్చేసరికి సున్నా అయింది. వాడు అటే పోతాడులే అని వీళ్లు, ఇటే ఉంటాడులే అని వాళ్లు, ఏ దేశపు జట్టూ వాణ్ని పిలవలేదు.

పిలవకపోయినా అడగడం మాత్రం ఎవరూ మానలేదు. నువ్వు ఎటు? అన్నం ముందు కూర్చుంటే బాబాయి అడుగుతాడు. పండుకో పబ్బానికో ఫోన్ చేసి మావయ్య అడుగుతాడు. పత్రికలవాళ్లు అడుగుతారు. క్షవరం చేసేవాడు కూడా కత్తెర ఆపి, అద్దంలోంచి వాడి కళ్లలోకి చూసి అడిగాడట. మావాడు అందరికీ ఒకటే నవ్వు నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన నెల అమ్మ దేశపు కోచ్ స్వయంగా నా షాపుకి వచ్చాడు. మోకాళ్లు పట్టేసిన పెద్దాయన, స్టూలు మీద కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. వాళ్ల జట్టు మొదటిసారి పెద్ద టోర్నమెంటుకి అర్హత సంపాదించింది. ఉన్న ఒక్క ఎడమవైపు డిఫెండరు రిటైరయ్యాడు. "మా ఎడంపక్క తలుపు లేని ఇల్లమ్మా. ఎవడు పడితే వాడు లోపలికొచ్చేస్తున్నాడు. మీవాడొస్తే నాలుగైదేళ్లు నేను నిశ్చింతగా పడుకుంటాను" అన్నాడు. మాట్లాడుతూనే దగ్గరిచూపు అద్దాలు మూడు జతలు పెట్టి చూసుకున్నాడు. ఆయన నాకు నచ్చాడు. మావాడు వస్తాడని అక్కడికక్కడే మాటిచ్చేశాను. వాణ్ని అడగాలని నాకు తోచలేదు. అడిగితే మాత్రం ఏమంటాడు, సరే అంటాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పెద్దాయన మా ఊరొచ్చిన సంగతి నాలుగో రోజు పత్రికలో పడింది. ఐదో రోజు నాన్న దేశపు జట్టునుంచి తమ్ముడికి ఫోను. రాబోయే పోటీ మ్యాచ్‌కి ఇరవై మూడోవాడిగా వచ్చి బెంచీ మీద కూర్చోమన్నారు. వాళ్ల దగ్గర ఎడమవైపు ఆడేవాళ్లు అప్పటికే ముగ్గురున్నారు, ముగ్గురూ మావాడికంటే మేలు. ఈ నాలుగోవాడు ఎందుకో చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. మావాడు ఏమన్నాడో చెప్పనక్కర్లేదు కదా.

నిబంధనల పుస్తకం నాకు కంఠతా వచ్చు. స్నేహపూర్వక మ్యాచ్ ఎన్ని ఆడినా పర్వాలేదు, బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నా పర్వాలేదు. ఇంత వయసొచ్చాక పోటీ మ్యాచ్‌లో ఒక్క నిమిషం మైదానంలోకి దిగితే మాత్రం జీవితాంతం ఆ దేశమే. ఇంకో దేశం చొక్కా తొడగడానికి లేదు. అంటే, గడ్డివాము దగ్గర కుక్క తాను తినదు, ఆవుని తిననివ్వదు. వీళ్ల ఎత్తు అదే.

మ్యాచ్ రోజు పొద్దున వాణ్ని జట్టు దిగిన హోటలు మెట్ల మీద నిలబెట్టి, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

"మొదటి అరగంటలో దింపితే నిజంగా కావాలనుకున్నట్టు, అప్పుడు ఆలోచిద్దాం. ఎనభై దాటాక పిలిస్తే మాత్రం తొడ పట్టుకుని కూలబడు. కండరం పట్టేసిందని చెప్పు. అర్థమైందా?"

"సరే అక్కా."

"రెండు వారాల్లో అమ్మ వాళ్ల శిబిరం. అక్కడ నీకోసం ఎదురు చూస్తున్నారు. ఇంకోసారి చెప్పు, ఏం చేస్తావు?"

"తొడ పట్టుకుంటా."

మధ్యాహ్నం ఎండలో స్టేడియంలో నా పక్కన బాబాయి కూర్చున్నాడు. డెబ్బై నిమిషాలకే నాలుగు గోల్స్ కొట్టేశారు మనవాళ్లు. ఎదుటి జట్టు ఎప్పుడు ఇంటికి పోదామా అన్నట్టు ఆడుతోంది. జనం కూడా లేచి పోతున్నారు. నేను మాత్రం గడియారం, బెంచీ, గడియారం, బెంచీ చూస్తూ కూర్చున్నాను. ఎనభై అయింది. ఎనభై ఐదు అయింది. గండం గడిచిందని నీళ్లసీసా మూత తీశానో లేదో, అసిస్టెంట్ కోచ్ బెంచీ చివరిదాకా నడిచొచ్చి మావాడి దగ్గర వంగాడు. ఏదో అన్నాడు. మావాడు తలూపి, లేచి, పైన తొడుక్కున్న జాకెట్టు తీసేశాడు.

నేను నిలబడి రెండు చేతులతో నా తొడ పట్టుకుని ఊపాను. పట్టుకో, ఇదిగో ఇలా పట్టుకో అని. వెనక వరసలో ఒకాయన "పట్టేసిందామ్మా, కాలు చాపి కూర్చోండి" అని నా మోకాలి మీద చల్లనీళ్లు పోశాడు. ఆ గొడవలోంచి తేరుకుని చూసేసరికి ఎనభై ఎనిమిదో నిమిషం అని బోర్డు లేచింది, మావాడు గీత దాటి లోపలికి పరుగెత్తుతున్నాడు.

"ఇంక మనవాడే" అన్నాడు బాబాయి చేతులు దులుపుకుంటూ. "వాళ్లెలా తీసుకుంటారో చూద్దాం."

మావాడు బంతిని రెండుసార్లు తాకాడు. ఒకసారి పక్కగీత దగ్గర చేత్తో విసిరాడు, ఒకసారి గోల్‌కీపరుకి వెనక్కి తన్నాడు. అంతే. విజిల్ వేశారు.

కార్ల మధ్య నేనూ వాడూ మాత్రమే మిగిలేదాకా ఓపిక పట్టాను. కారు తలుపు వేసుకున్నాక దులిపేశాను. పదేళ్ల చాకిరీ చెప్పాను, అమ్మ సర్టిఫికెట్టు కోసం మూడు ఆఫీసులు తిరగడం చెప్పాను, చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నాను. ఆ మనిషి నిన్ను ఎందుకు దింపాడో తెలుసా అన్నాను.

"తెలుసు" అన్నాడు. "మరీ అంత మొద్దునా?"

నేను తిప్పబోయిన తాళంచెవి వదిలేసి వాడి వైపు తిరిగాను.

"బోర్డు లేచేటప్పటికి నేనూ లెక్కేసుకున్నా. దిగితే అమ్మ వాళ్ల జట్టు పోయినట్టే అని తెలుసు. వీళ్లు నన్ను మళ్లీ పిలవరనీ తెలుసు."

"మరి ఎందుకు దిగావురా?"

వాడు వంగాడు. మేజోడు కిందికి లాగాడు, పైకి లాగాడు.

"పెద్దాయనకి మాటిచ్చావటగా. మావయ్య ఫోన్ చేసి, మొత్తానికి మావైపు వచ్చావన్నాడు. నాకు అప్పుడే తెలిసింది. అందరూ ఎటు ఎటు అని అడుగుతారు, చిరాకే. కానీ నువ్వు అది కూడా అడగలేదక్కా."

"అడిగితే సరే అనేవాడివి కదా."

"అనేవాణ్ని. నాకు అక్కడే ఆడాలనుంది. చిన్నప్పటి నుంచి." మేజోడు వదిలేశాడు. "పొద్దున నువ్వు మెట్ల మీద తొడ పట్టుకోమని నేర్పుతుంటే చాలా కోపమొచ్చింది. నీకు కాదని చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో రాలేదు. ఇంతలో ఆయనొచ్చి ఆడతావా అన్నాడు."

వాడు జీవితంలో మొదటిసారి కాదన్నది నన్ను. దానికి వాడు కట్టిన మూల్యం, వాడు కోరుకున్న ఒకే ఒక్కటి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నిబంధనల్లో ఏ సందైనా ఉందేమోనని బుర్రలోనే పేజీలు తిప్పాను. లేదని నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. పెద్దాయన. టీవీలో చూసే ఉంటాడు. మాటిచ్చింది నేను గనక చెప్పాల్సింది కూడా నేనే. మోగుతున్న ఫోన్ వైపు అలా చూస్తూ ఉండిపోయాను.

వాడు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"నమస్కారమండీ. నేనే మాట్లాడుతున్నా." అవతలి నుంచి గట్టిగా, గబగబా మాటలు వినబడ్డాయి. వాడు అడ్డం పడకుండా అన్నీ విన్నాడు. "రాలేనండీ. ఇంక కుదరదు. మీరు ఇంకొకర్ని చూసుకోవాలి." మళ్లీ అవతలి గొంతు, ఈసారి నెమ్మదిగా. వాడు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"లేదండీ, మా అక్కనేం అనకండి" అన్నాడు. "తను పొద్దున చెప్పింది. నేనే వినలేదు."