కిటికీ సీను

శనివారం వచ్చిందంటే షాలేం రాజుకి ఒకటే హడావుడి. పొద్దున్నే గ్రోసరీస్, ఆ తర్వాత లాండ్రీ, భోజనం అవుతూనే భార్య జెమీమాని కార్‌లో కూర్చోబెట్టి, వాకర్ మడిచి డిక్కీలో పడేసి, లాప్‌టాప్ భుజాన తగిలించుకుని హాలుకి పరుగు. అమెరికాలో వాళ్లుండే ఫ్రీమాంట్‌లో, ఆ సినిమా హాల్లో సాయంత్రాలు మన హీరోల సినిమాలు ఆడేవి. మధ్యాహ్నం ఎలాగూ ఈగలు తోలుకోవడమే కాబట్టి, ఆ ఒక్క ఆట షాలేం రాజు సినిమాకి వదిలేశారు.

అవును మరి, సినిమా తీశాడు! ఆఫీస్‌లో రోజంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మనిషి, వీకెండ్లన్నీ ధారపోసి, గరాజ్‌లో అట్టపెట్టెలకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి అంతరిక్ష నౌక కట్టాడు. సినిమా పేరు 'దూరపు వాన'. ఫైట్లు లేవు, కొమ్ముల గ్రహాంతరవాసులు లేరు. నౌకలో ఉన్నది ఒక్క ఆడమనిషి. ఆ వేషం పక్కింటి పద్మ వేసింది. భూమి నుంచి కబుర్లు ఆగిపోతాయి. ఆవిడ టొమాటో మొక్కలకి నీళ్లు పోసుకుంటుంది, అన్నం వండుకుంటుంది. ఒకచోట కిటికీ దగ్గర కూర్చుని, ఎక్కడో ఒక గ్రహం మీద వాన కురుస్తుంటే చూస్తుంది. అలా చూస్తూనే ఉంటుంది. మాటా లేదు, మ్యూజిక్కూ లేదు.

ఆ కిటికీ సీనులోనే జనం సీట్లలోంచి పైకి లేచేవాళ్లు. లేచి నిలబడడం కాదు, గాల్లోకే. కొందరు జానెడు, కొందరు మూరెడు. 'తర్వాత ఏమవుతుంది' అనే ధ్యాస వదిలేసినవాళ్లు లేచేవాళ్లు, ఫోన్ చూసుకునేవాళ్లు కూర్చున్నచోటే ఉండేవాళ్లు. అందుకే ఆట మొదలయ్యే ముందు షాలేం రాజు నిలబడి, "కార్ తాళాలు జాగ్రత్త, చిన్నపిల్లల్ని పట్టుకుని కూర్చోండి" అని చెప్పేవాడు.

జనం సణుగుడల్లా వేరే. "గాల్లోకి లేవడం బానే ఉంది బ్రదర్, ఇంతకీ కథేది?" అనేవాడు చర్చి స్నేహితుడు ఆమోసు, కిందికి దిగి చొక్కా సర్దుకుంటూ. "పైగా ఇంటర్వెల్ లేదు. మనిషన్నవాడు టీ ఎప్పుడు తాగాలి చెప్పు?"

ఒక్క జెమీమా మాత్రం వంక పెట్టలేదు. వెన్నుకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ కాళ్లు మొద్దుబారిపోయాయి. కిటికీ సీను రాగానే అందరికన్నా ఎత్తుకి లేచేది ఆవిడే. పైన కాళ్లు వేలాడేసుకుని, చిన్నపిల్లలా ఊపుకుంటూ ఆ వాన చూసేది.

"ఏవండీ, ఇవాళ నా బొటనవేలు నాకు తెలిసింది" అంది ఒక శనివారం. ఇంకో శనివారం మడమ తెలిసింది. ఆ తర్వాత పిక్క. ఫిజియోథెరపీ అమ్మాయి కాళ్లు వంచి చూసి, "ఏం చేస్తున్నారో గానీ అది మాత్రం ఆపొద్దు" అంది.

షాలేం రాజు సంతోషించలేదని కాదు. సంతోషించాడు, చర్చి ప్రార్థనలో అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పాడు. కానీ ప్రతి ఆటకీ ఖాళీ సీట్లు లెక్కపెట్టుకునేవాడు పాపం. అలాంటప్పుడు దొరికాడు నిశాంత్. తెలుగు సినిమాల్ని అమెరికా ఊళ్లలో ఆడించే కుర్రాడు.

"అన్నా, పిక్చర్ మంచిగుంది. గానీ ఆ కిటికీ సీన్ కట్ చెయ్. ఇంటర్వెల్ పెట్టు, ఒక సాంగ్ ఏద్దాం. ఐసెలిన్, మోరిస్‌విల్, అన్ని దిక్కుల ఈవెనింగ్ షోలు నేనిప్పిస్త."

"ఆ సీను కోసమే కదయ్యా సినిమా తీసింది!"

"ఖాళీ హాల్ల ఎవరికోసం తీసినట్టన్నా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, టై కూడా విప్పకుండా, సీను తీసేశాడు. లాప్‌టాప్‌లో చోటు చాలక పాత ఫైలూ చెరిపేశాడు. షూటింగ్ చేసిన కెమెరా టేపు ఉందిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు అతికించుకోవచ్చు అనుకున్నాడు.

హాళ్లు నిండాయి. ఇంటర్వెల్లో సమోసాలు చాల్లేదు. జనం ఈలలేశారు, షాలేం రాజుతో ఫొటోలు దిగారు. ఊరూరా తిరిగే సంబరంలో, జెమీమా సాక్సు తొడుక్కోవడానికి మళ్లీ అవస్థ పడుతోందని చాలా ఆలస్యంగా చూశాడు.

"పిక్క తెలుస్తోందా?"

"లేదండీ. వేలు కూడా తెలీడం లేదు."

పరిగెత్తి టేపు తెచ్చి పెట్టాడు. తెర మీద సండే స్కూల్ పిల్లలు, తలకి తువ్వాళ్లు చుట్టుకుని, గొర్రెల కాపరుల వేషాల్లో పాడుతున్నారు. క్రిస్మస్ ప్రోగ్రాం రోజు కొత్త టేపు దండగ ఎందుకని, చేతికందిన పాతదాని మీదే రికార్డ్ చేశాడు మహానుభావుడు.

పద్మని బతిమాలాడు. మళ్లీ అట్టపెట్టెలు, మళ్లీ ఫాయిల్, అదే కిటికీ. మొదటిసారి తీసినప్పుడు కెమెరా ఆపడం మర్చిపోయి తనూ ఆ వానలో పడి కొట్టుకుపోయాడు. ఈసారి కెమెరా వెనక ఒకటే ఆత్రం, జెమీమా లేస్తుందా లేవదా అని.

"ఇంకాసేపు కూర్చోనా అన్నయ్యా?" అని పద్మ అడుగుతూనే ఉంది.

ఖాళీ హాల్లో ఇద్దరే కూర్చుని చూశారు. కిటికీ వచ్చింది, వాన వచ్చింది. జెమీమా సీటు చేతులు వదిలేసి, కళ్లు తెరకి అప్పజెప్పి కూర్చుంది. వాన కురిసినంతసేపూ కురిసి ఆగింది. ఆవిడ కూర్చున్నచోటే ఉంది.

ఇక వాకర్‌తో లాభం లేదని ఆ నెల్లోనే డాక్టర్ వీల్‌చెయిర్ రాశాడు. తిరిగొస్తూ కార్‌లో షాలేం రాజు ఉండబట్టలేక అడిగేశాడు.

"నేను సీను కట్ చేస్తుంటే వద్దని ఒక్క మాట అనలేదేం జెమీమా?"

"మీరు నన్నడగలేదుగా" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "నిశాంత్‌ని అడిగారు, ఆమోసన్నయ్యని అడిగారు. మీకు హాలు నిండాలి, నిండింది. నేనూ చప్పట్లు కొట్టాను కదండీ."

షాలేం రాజుకి ఏడుపు ఆగలేదు. ఇంటి ముందు కార్ ఆపి, తలుపు తీసి, ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఎంత ఎత్తినా తన గుండెల దాకానే ఎత్తగలిగాడు. ఆవిడ బరువుగానే ఉంది.