టెంటులో ఆరు మొక్కలు

కాలేజీవాళ్లు మొక్కలు పెంచే గాజు గదిని పడగొట్టి, ఆ స్థలంలో బండ్లు నిలిపే షెడ్డు వేస్తామన్నారు. ముప్పై ఏళ్లు ఆ గదిని చూసుకున్న మొక్కల మేడం ఎవరితోనూ గొడవపడలేదు. ఆరు కుండీలు మాత్రం ఇమ్మని అడిగి ఇంటికి తెచ్చుకుంది. జానెడు ఎత్తు కూడా లేని కొండ మొక్కలవి. అవి పుట్టిన కొండను ఎప్పుడో కంకర కోసం తవ్వేశారు. ఆ జాతిలో ఇక ఎక్కడైనా మిగిలి ఉన్నాయో లేదో ఆవిడకే తెలియదు.

వాటికి చల్లదనం కావాలి. ఇరవై ఐదు డిగ్రీలు దాటితే తలలు వాలుస్తాయి, ముప్పై దాటితే వేరు కుళ్లుతుంది. అందుకని పడకగదిలో మంచం తీసేసి, మొక్కల కోసం అమ్మే టెంటు ఒకటి కొని నిలబెట్టింది. బీరువా అంత ఉంటుంది, బయట నల్లగుడ్డ, లోపల వెండిరేకులాంటి మెరుపు. పైన లైట్లు కట్టి జిప్పు వేసింది. గంట తర్వాత చూస్తే లోపల ముప్పై ఏడు.

రెండు వీధుల అవతల ఉండే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఏసీ మెకానిక్. చేతిలో స్క్రూడ్రైవర్ లేనిదే మాట పెగలని మనిషి. వచ్చి, లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"అక్కా, వీటిని పెంచుతున్నావా, ఉడకేస్తున్నావా?"

ఆ సాయంత్రమే టెంటు పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, దానికి గొట్టం తగిలించి కిటికీలోంచి బయటికి తీశాడు. గాలి లోపలికి రావడానికి ఎదురుగా కింద ఒక తెర తెరిచాడు. ఫ్యాను తిరగగానే టెంటు గోడలు ఊపిరి బిగబట్టిన పొట్టలా లోపలికి పోయాయి. ఆవిడ కంగారుపడితే, అలాగే ఉండాలని, అంటే మనం చూపించిన దారినే గాలి పోతోందని చెప్పాడు. వేడి ముప్పై మూడుకి దిగింది. అక్కడే ఆగిపోయింది. గది ముప్పై రెండు ఉంటే టెంటు అంతకంటే చల్లబడదని, ఫ్యాను లైట్ల వేడిని బయటికి తోయగలదే తప్ప చలిని పుట్టించలేదని వివరించాడు. మర్నాడు తన షాపులో పడి ఉన్న పాత ఏసీ ఒకటి బాగుచేసి తెచ్చి గోడకి పెట్టాడు.

రెండు రోజులు టెంటులో ఇరవై నాలుగు ఉంది. ఆవిడ చాలాకాలానికి పెద్దగా నవ్వింది.

మూడో రోజు ఎండ పెరిగింది, టెంటులో మళ్లీ ముప్పై. తమ్ముడు గది తలుపు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, కింది సందులోంచి మెట్ల వైపు నుంచి వేడిగాలి జివ్వున లోపలికి వస్తోంది. ఏసీ చల్లబరిచిన గాలినంతా ఫ్యాను కిటికీలోంచి పారబోస్తోంటే, ఆ లోటు పూడ్చడానికి బయటి వేడి వస్తోంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పోనీ ఫ్యాను నెమ్మదిగా తిప్పితే లోపల చెమ్మ నిలిచి ఆకుల మీద తెల్లబూజు పడుతోంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ బూజుకే మొదటి మొక్క పోయింది.

తమ్ముడు ఊరుకోలేదు. ఆకుల ఎత్తులో వేడిని కొలిచే పరికరం వేలాడదీశాడు. వేడి తగ్గితే ఫ్యాను మెల్లగా, పెరిగితే జోరుగా తిరిగేలా అమర్చాడు. తలుపు సందులో గుడ్డలు కుక్కాడు. బయట చల్లబడే వేళ చూసి లైట్లు రాత్రిపూట వెలిగేలా మార్చాడు. ఆవిడ పడక వంటింట్లోకి మారింది. నెల రోజులు ఐదు మొక్కలూ నిలబడ్డాయి. రోజూ పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి ఎన్ని డిగ్రీలో చెప్పేది. అతను "ఊఁ" అనేవాడు. అంతే మాట.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట ఏసీల లోడు తట్టుకోలేక ఆవిడ ఉండే బిల్డింగంతా కరెంటు పోవడం మొదలైంది. బిల్డింగ్ సెక్రటరీ మర్యాదగానే వచ్చి కూర్చున్నాడు. రెండో అంతస్తులో పెద్దాయన ఆక్సిజన్ మెషీను మీద ఉన్నాడని, కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లోవాళ్ల ప్రాణాలు అరచేతిలో ఉంటున్నాయని, పన్నెండు నుంచి ఐదు దాకా ఏసీ ఆపితే చాలని అడిగాడు. ఆవిడ వెంటనే సరేనంది.

సెక్రటరీ వెళ్లాక తమ్ముడు మండిపడ్డాడు. బిల్డింగులో అన్ని ఏసీలుండగా నీ ఒక్కదాని మీదే పడ్డారా అన్నాడు.

"అందరినీ అడుగుతున్నాడట," అంది ఆవిడ. "ఆయన ఊపిరి ఆపి వీటిని బతికించుకుంటే, వీటి మొహం నేను చూడగలనా?"

తమ్ముడు రోజూ మధ్యాహ్నం పని ఆపుకుని వచ్చేవాడు. గడ్డకట్టిన నీళ్ల సీసాలు తెచ్చి కింది తెర ముందు పేర్చేవాడు, ఫ్యాను ఆ చల్లగాలిని లాక్కుంటుందని. మూడు డిగ్రీలు తగ్గేది, అరగంటసేపు. ఆ వారంలో రెండు పోయాయి, పై వారంలో ఇంకో రెండు. ఆవిడ ఏడవలేదు. కుండీల్లో మట్టి దులిపి, కడిగి, బోర్లించింది.

మిగిలిన ఒక్కటి మొగ్గ తొడిగింది.

తమ్ముడి సంతోషం చెప్పనలవి కాదు. పువ్వుంటే గింజ, గింజ ఉంటే మళ్లీ మొక్క అన్నాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది: ఇవి ఎనిమిదేళ్లకి కానీ పూయవు, లేదా చచ్చేముందు పూస్తాయి. దీని పుప్పొడి దీనికి పనికిరాదు, వేరే మొక్కది కావాలి.

అయినా మూడు పొద్దులు సన్నటి కుంచెతో పువ్వుకి దాని పుప్పొడే అద్దింది. పన్నెండేళ్ల కింద తాను ఈ జాతి మొక్కలు కొన్ని పంపించిన ఇంకో ఊరి తోటకి ఫోన్ చేసింది. అక్కడివి ఐదేళ్ల కిందటి ఎండలకే పోయాయన్నారు. నాలుగోనాడు పువ్వు రాలింది. కాడ చివర గింజ కట్టలేదు.

తమ్ముడు టెంటు ముందు నేలమీద కూర్చున్నాడు.

"ఈ టెంటులో ఇవి బతకవని నీకు మొదటిరోజే తెలుసు కదరా," అంది ఆవిడ.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"జన్మలో ఎవరినీ ఏదీ అడగనిదానివి, వీటిని అడిగి తెచ్చుకున్నావు. ఎలా చెప్పను?"

ఆవిడ టెంటు జిప్పు తీసింది. మొక్క ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఈ ఎండాకాలం దాటదని ఇద్దరికీ తెలుసు. తమ్ముడు లేచి, గొట్టం కిటికీ దగ్గర ఒక మెలిక తిరిగిందని, అది తీసేస్తే గాలి ఇంకొంచెం సాఫీగా పోయి అర డిగ్రీ తగ్గొచ్చని అన్నాడు. ఆవిడ టార్చిలైటు తెచ్చి పట్టుకుంది. అతను బిగింపులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.