ఎర్రమిట్ట క్రాసులో మునిలక్ష్మమ్మ

మదనపల్లె నుంచి కుప్పం పోయే ఉమాశంకర్ బస్సు పొద్దున ఏడింటికి బయలుదేరాలి. ఏనాడూ ఏడింటికి బయలుదేరింది లేదు. డ్రైవరు మహబూబ్ బాషా అద్దం తుడిచి, టీ తాగి, మళ్ళీ అద్దం తుడిస్తే గానీ బండి కదలదు. ఈలోగా కండక్టరు రేవతి "పుంగనూరు, పలమనేరు, కుప్పం" అని అరిచి అరిచి సీట్లు నింపుతుంది. ఈ దారిలో ఆడ కండక్టరు ఆమె ఒక్కతే. అంతకుముందు టమోటా మండీలో బాక్సులు మోసేది. భుజం మీది బాక్సు పోయి మెడలోకి విజిలు వచ్చినప్పుడు సదుంలో ఉన్న అన్నదమ్ములు ఎగతాళి చేశారు. ఆమె పట్టించుకోలేదు, అలాగని మరిచిపోనూ లేదు.

ఈ దారిలో విగ్రహాలకు కొదవ లేదు. సర్కిలుకొక పెద్దమనిషి పంచె కట్టుకుని, వేలు చాపి ఎటో చూపిస్తుంటాడు. అడిగినవాళ్ళకు బాషా ఒక్కొక్కరి కథా చెబుతాడు. ఒకాయన చెరువు తవ్వించాడు, ఇంకొకాయన తవ్విస్తానన్నాడు. మరొకాయన వేలు ఇప్పుడు సరిగ్గా బ్రాందీ షాపును చూపిస్తోంది. పాపం, బతికినన్నాళ్ళూ చుక్క ముట్టని మనిషట.

పుంగనూరు దాటాక ఎర్రమిట్ట క్రాసులో ఉండేది మాత్రం మునిలక్ష్మమ్మ. నల్లరాతి మనిషి. ఎక్కేవాళ్ళు లేకపోతే చెయ్యి నడుం మీద పెట్టుకుని ఉంటుంది. ఎవరైనా వచ్చి నిలబడితే చెయ్యి ఎత్తుతుంది, వాళ్ళు బస్సెక్కాక దించుతుంది. డ్రైవర్లకూ అదే సుఖం, ఆపాలో అక్కర్లేదో దూరం నుంచే తెలిసిపోతుంది.

"ఎవరప్పా ఆమె?" అని ఒకరోజు ముందు సీటు పెద్దాయన అడిగాడు.

"ఈ ఊరోళ్ళే సార్," అన్నాడు బాషా. "ముందు ఈడ ఏ బస్సూ నిలబడేది కాదు. ఈమె బిడ్డకు జరమొచ్చి, ఎత్తుకోనొచ్చి రోడ్డుపక్కన నిలబడింది. వచ్చిన బస్సు వచ్చినట్టే దుమ్ము కొట్టి పోయింది. బిడ్డ దక్కలేదు. మరుసటి రోజు వచ్చి రోడ్డు నడిమధ్యన చెయ్యెత్తింది. బస్సు నిలిపి ఎక్కమ్మా అంటే, నేను ఎక్కేదానికి రాలేదప్పా, నిలబెట్టేదానికి వచ్చినా, రేపు కూడా నిలబెడతా అనింది. సచ్చిపోయేదాకా నిలబెట్టింది."

గొడవంతా కొత్త బస్సుతో మొదలైంది. ఓనరు ఉమాశంకర్ దాని అద్దానికి నాన్‌స్టాప్ అని ఎర్రక్షరాలు అంటించి, రేవతిని పిలిచాడు.

"రేపట్నించి ఎర్రమిట్టలో నిలిపేది లేదు."

"ఆమె చెయ్యెత్తుతుంది కదన్నా."

"ఎత్తుకోనీ. ఆమేమన్నా ఆర్టీవోనా? ఆడ విజిలేసినావంటే నువ్వూ ఆడే దిగిపోవల్ల."

రేవతికి భయం వేసింది. మళ్ళీ మండీ, మళ్ళీ బాక్సులు, మళ్ళీ అన్నదమ్ముల నవ్వులు. ఎవరికైనా వేస్తుంది.

మరుసటి రోజు ఉమాశంకర్ తానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. పుంగనూరు దాటింది. మిట్ట ఎక్కగానే క్రాసులో సేమంతి పూల మూటలతో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక చెయ్యెత్తిన మునిలక్ష్మమ్మ కనిపించారు. బాషా అద్దంలోంచి రేవతి వైపు చూశాడు.

"పోనీ," అన్నాడు ఓనరు.

రేవతి విజిలు నోట్లో పెట్టుకుని బస్సంతా దద్దరిల్లేలా ఊదింది. బాషా బ్రేకు తొక్కాడు. దానికోసమే కాచుకుని ఉన్నాడు మరి.

"దిగు," అన్నాడు ఉమాశంకర్.

"దిగతా. ముందు వాళ్ళను ఎక్కనీ."

ఆమె మూటలు పైకి అందుకుని, ఇద్దరినీ సీట్లలో కూర్చోబెట్టి, డబ్బుల సంచీ, టికెట్ల మిషనూ ఓనరు ఒళ్ళో పెట్టింది.

"విజిలు?"

"అది నా దుడ్డుతో నేను కొనుక్కున్నా," అంటూ దిగింది. నేరుగా వెళ్ళి విగ్రహం పక్కన నిలబడి తనూ చెయ్యెత్తింది.

"ఇంక యాల నిలబడతావు ఆడ?" అని ఓనరు అరిచాడు.

"ఎనకాల ఇంకో బస్సు వస్తాండాది. దాన్నీ నిలబెడతా."

అప్పుడు మునిలక్ష్మమ్మ చెయ్యి దించింది. మెడలో ఎండిపోయిన దండ తీసి పక్కన పెట్టి, కుచ్చిళ్ళు పట్టుకుని దిమ్మె దిగి, ముందు డోరులోంచి బస్సెక్కింది. బస్సు ఒక పక్కకు ఒరిగింది.

"జరుగప్పా," అంది ఉమాశంకర్‌తో. ఆయన కిటికీ వైపు జరిగాడు.

"పోనీ బాషా," అన్నాడు ఓనరు.

"టికెట్టు లేకుండా మనిషిని ఎక్కించుకుని పోరాదని నువ్వే కదన్నా సెప్పినావు."

ఉమాశంకర్ మిషను నొక్కి టికెట్టు చింపి ఇవ్వబోయాడు. మునిలక్ష్మమ్మ తీసుకోలేదు. పూలావిడలిద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనక సీట్లలోంచి ఎవరో, కండక్టరు లేందే మాకూ వద్దన్నారు. కాసేపటికి ఆ మాట బస్సంతా పాకింది. ఎండ ఎక్కుతోంది. రాతి భుజం పక్కన ఓనరుకు ఊపిరి ఆడడం లేదు.

"ఎక్కు రేవతీ."

"ఎర్రమిట్టలో నిలుపుతావా?"

"నిలుపుతాలే, ఎక్కు."

"ఎర్రమిట్టలో ఒక్కచోటే అయితే నేను ఎక్కను. దారెంబడి మనిషి కనపడిన ప్రతిచోటా నిలపల్ల."

ఆయన బాషా వైపు చూశాడు, బాషా రోడ్డు వైపు చూశాడు. "సరే," అన్నాడు ఓనరు చివరికి.

రేవతి ఎక్కి, సంచీ మెడలో వేసుకుని, అందరినీ అడిగినట్టే అడిగింది.

"యాడికమ్మా?"

"కుప్పం," అంది మునిలక్ష్మమ్మ. "ఇంకా ఎన్ని క్రాసులుండాయో సూడల్ల."

"మరి ఈడ?" అన్నాడు బాషా, ఖాళీ దిమ్మె కేసి చూస్తూ.

"బండి పోనీప్పా," అంది పూలావిడల్లో ఒకామె. "రేపట్నించి ఆడ మేం నిలబడతాం. చెయ్యెత్తేది మాకూ వస్తుంది."

పలమనేరు దాటాక బోర్డు కూడా లేని ఒక క్రాసు వచ్చింది. రాయి మీద ఒక ముసలామె సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సును చూసి లేవలేదు, చెయ్యెత్తలేదు. దుమ్ము పడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి కూర్చుంది.

రేవతి విజిలు ఊదింది.