లాకుల దగ్గరి నుంచి ఫోను

నేను ఒక ఎర్ర మీటను. రేడియో స్టేషన్లో మైకు పక్కన, వ్యాఖ్యాత చేతికి అందేంత దగ్గరలో ఉంటాను. ఫోను చేసినవాళ్ళదైనా, మైకు ముందున్నవాళ్ళదైనా, మాట మా దగ్గర కొన్ని సెకన్లు ఆగి గానీ జనం చెవిన పడదు. ఈలోగా బూతో నిందో దొర్లితే నన్ను నొక్కాలి. ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, బదులుగా పాట వస్తుంది. వేలు జారకుండా కంపెనీవాళ్ళు నా నెత్తిన చిన్న గుంట కూడా పెట్టారు. పాపం, నాకు చాలా పని ఉంటుందనుకున్నారు.

మొదట పట్నంలో ఒకావిడ దగ్గర పనిచేశాను. ఎవరైనా "ఛీ" అన్నా నొక్కేసేది. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆవిడ గుర్తొస్తే దండం పెట్టాలనిపిస్తుంది. తర్వాత కోదండపాణి గారు నన్ను సెకండ్ హ్యాండులో కొని ఈ కాలవగట్టు ఊళ్ళో తాను నడిపే స్టేషన్‌కి తెచ్చారు.

కోదండపాణి గారు నిష్పక్షపాతి. ఆ మాట రోజూ ఆయనే చెప్పేవారు. ఇక్కడ ఎగువ ఊళ్ళకీ దిగువ ఊళ్ళకీ నీళ్ళ దగ్గర పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అందుకని కాలవ నీళ్ళకున్నట్టే తన ఫోన్ల కార్యక్రమానికీ ఆయన వంతులు పెట్టారు. ఎగువ నుంచి ఒక ఫోను, దిగువ నుంచి ఒక ఫోను. ఒకరు తిడితే నన్ను నొక్కరు, అవతలివాళ్ళకీ తిట్టే అవకాశం ఇస్తారు. అదే న్యాయమనుకున్నారు. వినేవాళ్ళు పెరిగారు, ప్రకటనలు పెరిగాయి, నా మీద దుమ్ము పెరిగింది.

నారుమళ్ళు ఎండుతున్న రోజుల్లో ఒకనాడు కాలవకి అడ్డంగా ఉండే లాకుల తలుపు పైకి లేవలేదు. దిగువకి నీళ్ళు ఆగిపోయాయి. ఆ సాయంత్రం మొదటి ఫోను దిగువ నుంచే.

"ఆ తలుపులెత్తే లస్కరు చిట్టెయ్య లేడాండీ, ఎగువోళ్ళ దగ్గర తినేసి తలుపు దించేశాడండీ! ఆడి చేతులిరగ్గొట్టాలండీ!"

పేరు పెట్టి వేసిన నింద. నొక్కండి బాబూ అని ఎదురుచూశాను. కోదండపాణి గారు గడ్డం నిమురుకుని, "ఇప్పుడు ఎగువ వంతు" అన్నారు.

"చిట్టెయ్య దిగువోళ్ళ మనిషేనండీ! మమ్మల్ని దొంగల్ని చెయ్యడానికి కావాలనే ఆపేశాడు. ముందు ఆణ్ణి తన్నాలి!"

లెక్క సరిపోయిందని ఆయన తృప్తిపడ్డారు. అప్పుడే పక్కగదిలో ఫోన్లెత్తే హైమావతి తలుపు తీసుకుని వచ్చింది.

"సార్, చిట్టెయ్యే లైన్లో ఉన్నాడండి. తలుపు గాడిలో దుంగ ఇరుక్కుందంట, నలుగురొస్తే లాగెయ్యొచ్చంట. ఎగువా దిగువా అంటే రెండూ కాదంటున్నాడు. ఏ వంతులో కలపమంటారు?"

"ఏ వంతూ లేనివాణ్ణి ఎలా కలుపుతామమ్మా? రేపు అందరూ వేలెత్తి చూపిస్తారు. ఆగమను."

కార్యక్రమం అయ్యేదాకా చిట్టెయ్య లైన్లో ఆగే ఉన్నాడు.

జనం లాకుల దగ్గరికి వెళ్ళారు, దుంగ లాగడానికి కాదు. ఎగువవాళ్ళూ వెళ్ళారు, దిగువవాళ్ళూ వెళ్ళారు. మా కార్యక్రమంలో లాగే అక్కడా ఇద్దరికీ సమానంగా అవకాశం దొరికింది. చిట్టెయ్య కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆ చేత్తో ఇక తలుపెత్తలేడు.

నాకు సిగ్గుగా ఉంది. మీట తనను తాను నొక్కుకోలేదు కదా అని మీరు ఓదార్చవచ్చు. నిజమే. కానీ నేనంటూ ఉన్నాననే ధైర్యంతోనే కదా స్టేషన్‌వాళ్ళు అందరికీ మైకు ఇచ్చింది!

కొన్ని వారాలకి, చిట్టెయ్య మాట కూడా వినాలంటూ కోదండపాణి గారు అతన్ని స్టేషన్‌కి పిలిపించారు. మెడకి కట్టిన చేత్తో అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. కార్యక్రమం మొదలైంది. అతని చూపు నా మీద పడింది.

"ఇదేంటండి?"

కోదండపాణి గారు హుషారుగా, శ్రోతలకి కూడా తెలిసేలా చెప్పారు. "ఎవరైనా అనరాని మాట అంటే దీన్ని నొక్కుతామండి. ఇక అది బయటికి పోదు."

చిట్టెయ్య ఎడంచేత్తో నన్ను చూపించాడు. "ఆవేళ కూడా ఇది ఇక్కడే ఉందాండీ?"

ఆ మాట ఊళ్ళకి చేరడానికి ఇంకా కొన్ని సెకన్లున్నాయి. కోదండపాణి గారి వేలు నా నెత్తిన పడింది. ఆయన నన్ను నొక్కడం అదే మొదటిసారి. ఊళ్ళన్నిటికీ ఏదో పాట వినిపించింది.