ఎడమచేతి చిటికెనవేలు

నేను ఒక టైపుమిషన్ని. బందరులో అవధాని మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో ముప్పై ఏళ్లు చాకిరీ చేశాను. నా ఒంట్లో ఒకటే జబ్బు: ఇంగ్లీషు 'ఎ' మీట బిగుసుకుపోయి ఉండేది. అది ఎడమచేతి చిటికెనవేలి వంతు. మనుషులకు బలం లేని వేలి దగ్గరే నేను మొండికేసేదాన్ని.

అందరూ నన్ను తప్పించుకునేవారు. హైమవతి ఒక్కతే కుదురుగా నా ముందు కూర్చుంది. భర్త పోయాక బట్టలు కుట్టి బతుకుతున్న మనిషి. కోర్టులో స్టెనో కావాలని పట్టుదల. టైపు లోయరు, హయ్యరు నా మీదే పాసయింది. ఇక షార్ట్‌హ్యాండు హయ్యరు. నిమిషానికి నూట ఇరవై మాటల చొప్పున చదువుతుంటే గీతల్లో రాసుకుని, గడువులోగా టైపు కొట్టివ్వాలి. రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగానికి వయసు దాటిపోతుంది.

అలవాటైన మిషన్‌నే రిక్షాలో పరీక్ష సెంటరుకు తీసుకెళ్లడం మావాళ్ల ఆనవాయితీ. ముందురోజు మాస్టారికి ఆమె మీద జాలి కలిగింది. మెకానిక్కును పిలిపించి, నాకు నూనె వేయించి, స్ప్రింగు మార్పించారు. ఆమెకు మాత్రం చెప్పలేదు. మేలు చేసేటప్పుడు మనుషులు ఎందుకో ఎదుటివాళ్లను అడగరు.

మర్నాడు రిక్షా దిగి నేరుగా హాల్లోకి వెళ్లాను. ఆమె చిటికెనవేలు నాలుగేళ్ల అలవాటు కొద్దీ బలంగా దిగింది. కాగితానికి చిల్లు పడింది. రెండో దెబ్బకు అక్షరపు కడ్డీ పక్క కడ్డీతో చిక్కుకుంది. విడదీసింది, కొట్టింది, మళ్లీ చిక్కుకుంది. నోటుపుస్తకంలో ఒక్క గీత కూడా తప్పు లేదు. గంట కొట్టేసరికి పేజీన్నర మిగిలిపోయింది.

గుమ్మంలో మాస్టారు ఎదురొచ్చారు.

"ఏమ్మా, ఇవాళ హాయిగా నడిచిందా?"

"దీన్నెవరు ముట్టుకోమన్నారు మాస్టారూ?"



హైమవతి కోర్టు మెట్లెక్కలేదు. మాస్టారు ఆమెను తన దగ్గరే టీచరుగా పెట్టుకున్నారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎన్నో కోర్టుల్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ప్రతి బ్యాచికీ ఆమె మొదట చెప్పేది ఒకటే: "పరీక్ష ముందు మీ మిషన్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండర్రా."

కంప్యూటర్లు వచ్చాయి. ఇవాళ నన్ను పాతసామాన్ల బండి ఎక్కించారు. జుట్టు నెరిసిన హైమవతి వచ్చి బండి ఆపింది. చిటికెనవేలితో 'ఎ' మీట నొక్కింది, అప్పటి బలంతోనే. నేను ఎంత మెత్తగా కదిలానో! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

"ఇక తీసుకెళ్లు బాబూ" అంది బండివాడితో.