అద్దానికి అంటించిన సవతి

ఆ డబ్బీ కారులోకి వచ్చిన రోజే ఆమెకు సవతి వచ్చినట్టయింది. చూడబోతే అరచేతిలో పట్టేంత నల్ల డబ్బీ. ముందు అద్దానికి రబ్బరు మూతితో అతుక్కుని, కాపురం మొత్తం తనదే అన్నట్టు కూర్చుంటుంది. రోడ్డు మీద ఎక్కడన్నా వేగం పట్టే కెమెరా ఉంటే ముందే పసిగట్టి, చిన్న దీపం వెలిగించి ‘కీక్... కీక్...’ అని కూస్తుంది. దగ్గర పడేకొద్దీ ఆ కూత ఎవరో గొంతు పిసుకుతున్నట్టు గబగబా వస్తుంది. అంతే, ఆమె మొగుడి కాలు బ్రేకు మీదికి దూకుతుంది. కెమెరా దాటగానే డబ్బీ నోరు మూస్తుంది, కాలు మళ్ళీ యాక్సిలరేటరు మీదికి దూకుతుంది.

“నెమ్మదిగా పోనివ్వండి, వెనకాల పిల్ల ఉంది” అని పెళ్ళాం ఎంత మొత్తుకున్నా ఆ కాలు మాత్రం ఉలకదు, పలకదు.

“నా మాటంటే మీకు చెవులు కూడా పనిచెయ్యవు. దాని మాటకైతే కాళ్ళు కూడా వింటాయి” అంది ఒకసారి.

“అది నాకు జరిమానా తప్పిస్తుంది. నువ్వేం చేస్తావు? ప్రాణం తింటావు” అన్నాడు అతను.

అతని పని డిపో నుంచి గ్యారేజీలకు విడిభాగాలు చేరవెయ్యడం. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత సంపాదన. అప్పటికే రెండుసార్లు కెమెరాకు దొరికాడు. మూడోసారి దొరికితే లైసెన్సు లాక్కుంటామని హెచ్చరించారు కూడా. ఇకనైనా కాస్త తగ్గుతాడని ఆమె ఆశపడింది. అతను తిన్నగా తన అన్నయ్య దగ్గరికి పోయాడు. ఆ బావగారికి కార్లకు సీటు కవర్లూ, లైట్లూ, పాటల పెట్టెలూ బిగించే కొట్టుంది. ఆయనే డబ్బీ తెచ్చి అంటించి, “ఇక నీకు అడ్డేముందిరా తమ్ముడూ, నొక్కుకో! పోలీసులు ఆపితే దీని మీద తుండుగుడ్డ పడేసెయ్” అని దీవించి పంపాడు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువే. పిల్ల పుట్టాక ఆ భయానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. తను ఇస్త్రీ చేసే లాండ్రీ ఊరికి ఆ చివర. పిల్లల్ని చూసుకునే కేంద్రం దాని పక్క సందులో. బస్సులో పోతానంటే, “ఇంట్లో కారు పెట్టుకుని బస్సేంటి, నలుగురూ నవ్వడానికి కాకపోతే” అని ఎగిరిపడ్డాడు. అందుకని రోజూ పొద్దున్నే వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చుని, సీటుకు కట్టిన పిల్ల కుర్చీ పట్టీలు ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేది. బైపాసు ఎక్కాక కళ్ళు మూసుకునేది. మూసుకుంటే ఇంకా ఘోరాలు కనపడేవి, మళ్ళీ తెరిచేది.

ఒకరోజు బైపాసు మీద వంతెన దిగువకు కారు విసురుగా జారిపోతుండగా ‘కీక్... కీక్... కీక్కీక్కీక్’ మని వినపడింది. అతను బ్రేకు తొక్కాడు. కారు మర్యాదస్తుడిలా నడిచింది. అతను మెడ సాచి ఇటూ అటూ చూశాడు. స్తంభం లేదు, కెమెరా లేదు.

“ఎక్కడో చెట్టు చాటున పెట్టుంటారు వెధవలు” అని తిట్టుకున్నాడు.

ఆమె పక్కకు తిరిగి చూసింది. బుడ్డది పెదాలు సున్నాలా చుట్టి, బుగ్గలు పొంగించి, ఇంకోసారి కూయడానికి ఊపిరి పీలుస్తోంది. రెండేళ్ళు దాటినా ఇంకా సరిగ్గా మాటలు రాని పిల్ల. అమ్మ, నాన్న తర్వాత అది నేర్చిన మూడో మాట ఇదన్నమాట!

ఆమె గబుక్కున పిల్ల నోట్లో బిస్కెట్టు పెట్టింది. నోరు మూయించడానికే పెట్టింది. పిల్ల మాత్రం దాన్ని బహుమానంగా తీసుకుంది.

మర్నాడు వంతెన దగ్గర పిల్ల కూసింది, బిస్కెట్టు కోసం చెయ్యి చాపింది. ఆమె ఇచ్చింది. ఆ తర్వాత ఎవరు ఎవరికి నేర్పారో చెప్పడం కష్టం. సంచిలో బిస్కెట్ల పొట్లం చప్పుడైతే చాలు, బుడ్డది మొదలెట్టేది. అతను కాలు తీసేవాడు. చాలా నెలల తర్వాత ఆమె కిటికీలోంచి బయట ఏముందో చూసింది. దారి పక్కన టైర్ల దుకాణాలున్నాయి, ఒక పెద్ద బడి ఉంది, దాని గోడ మీద పిల్లులు ఎండ కాగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఇవన్నీ గీతల్లా కనపడ్డాయి ఆమెకు. సవతి గొంతుతోనే మొగుణ్ణి దారిలో పెట్టాను కదా అని లోలోపల నవ్వుకుంది కూడా.

అతను మాత్రం ఉడికిపోయాడు. అన్నగారి కొట్టుకెళ్ళి, “అన్నయ్యా, నీ డబ్బీ పనికిమాలింది. ఏమీ లేనిచోట కూడా మొత్తుకుంటోంది” అన్నాడు.

బావగారు ఒంటికాలి మీద లేచాడు. “నా సరుక్కి వంక పెడతావా? రేపు నేనే నీ పక్కన కూర్చుంటా. డబ్బీలో ఉందో నీ బుర్రలో ఉందో తేల్చేద్దాం.”

అన్నట్టే పొద్దున్నే వచ్చి ముందు సీటు నిండా కూర్చున్నాడు. వెనక ఆమె ముడుచుకుని కూర్చుంది. ఈ ఒక్కరోజుకీ పొట్లం ముట్టుకోకూడదని మనసులో గట్టిగా అనుకుంది.

బైపాసు ఎక్కారు.

“చూడు, నోరు మూసుకుని బుద్ధిగా ఎలా ఉందో! బంగారంరా ఇది. నొక్కు” అన్నాడు బావగారు.

అతను నొక్కాడు.

“అంతేనా? పెళ్ళికూతురి కారు తోలుతున్నావా? నొక్కరా!”

“బావగారూ, పిల్ల ఉందండీ” అంది ఆమె.

“పిల్లకి లేని భయం నీకెందుకమ్మాయ్? చూడు, ఎంత హాయిగా ఉందో.”

కారు వణకసాగింది. వంతెన దిగువ కనిపించింది. ఆమె చెయ్యి తన మాట వినలేదు, సంచిలోకి పోయింది. పొట్లం గలగలమంది.

‘కీక్కీక్కీక్కీక్!’

అతను ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

ఆమె ఇన్నాళ్ళూ భయపడింది ముందున్న రోడ్డును చూసే. వెనక ఏం వస్తోందో ఒక్కనాడూ తిరిగి చూడలేదు. వెనక అద్దం మొత్తం ఒక్కసారిగా నల్లబడింది. లారీ హారను కారు లోపలే మోగినట్టయింది. ఆమె పిల్ల మీద వాలిపోయింది. లారీ పక్కకు కోసుకుపోతూ, కారుకు కుడివైపు అద్దాన్ని ఊడగొట్టుకుని వెళ్ళిపోయింది. దాని డ్రైవరు తిట్టిన బూతు మాత్రం గాలిలో కాసేపు మిగిలింది.

కారు రోడ్డు అంచున ఆగింది. బావగారు డబ్బీనే చూస్తున్నాడు.

“దీని దీపం వెలగలేదు. కూత దీన్నుంచి రాలేదు” అని నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

బుడ్డది ఆయన్ని చూసి మురిసిపోయి, పెదాలు చుట్టి ఇంకోసారి కూసి, తల్లి వైపు చెయ్యి చాపింది.

“ఓరి నాయనో! పిల్లకి దొంగబుద్ధులు నేర్పిందిరా నీ పెళ్ళాం!”

అతను దిగి వెనక తలుపు లాగాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. “నువ్వే నేర్పావా?”

“నేనే.”

“చంపేసేదానివే! నన్నూ, దాన్నీ, అందర్నీ!”

“అవును, చంపేసేదాన్నే” అంది. “రోజూ మీరు చేస్తున్న పని ఇవాళ నేను చేశాను. నాది తప్పే. ఇంకెప్పుడూ చెయ్యను. మరి మీరు?”

“నాకు పాఠాలు చెప్పకు!”

“పాఠాలు చెప్పేంత చదువు నాకెక్కడిది? అడుగుతున్నాను, అంతే. నేను చెబితే తగ్గరు. పిల్ల ఏడిస్తే తగ్గరు. డబ్బీ కూస్తే తగ్గుతారు. మీకు మేం ఎక్కువో, మీ లైసెన్సు ఎక్కువో ఒక్క మాట చెప్పండి. దాన్ని పీకి అవతల పారేస్తే ఎక్కుతాం. లేకపోతే ఇక్కడే దిగిపోతాం.”

“పీకితే వారంటీ పోతుంది” అన్నాడు బావగారు.

ఆమె ఆయన వైపు చూసిన చూపుకు బావగారు అద్దం దించి బయటికి చూడసాగాడు.

అతను డబ్బీ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఊడిన అద్దం తాలూకు తీగలు వేలాడుతున్న చోటును చూశాడు. ఒక్క క్షణం అతని చెయ్యి ముందుకు కదిలినట్టే అనిపించింది.

“నాటకాలాపి కూర్చో. నాకు డిపోలో టైమవుతోంది” అన్నాడు.

ఆమె ముందు పిల్లను దించి చంకనెత్తుకుంది. తర్వాత సీటుకు కట్టిన పట్టీలు విప్పి, కుర్చీని బయటికి లాగింది. అది తలుపులో ఇరుక్కుంది. ఎవరూ సాయం పట్టలేదు. మోకాలితో తన్ని లాక్కుంది.

“పోనీరా, ఎంతదూరం నడుస్తుందో చూద్దాం” అన్నాడు బావగారు లోపల్నుంచి.

కారు వెళ్ళిపోయింది. మొదట నెమ్మదిగానే వెళ్ళింది, మలుపు తిరగకముందే వేగం అందుకుంది. ఆమె ఒక చంకలో పిల్లతో, ఒక చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ, బడి ముందున్న బస్టాపు దాకా నడిచింది. అక్కడ కూరగాయల సంచితో కూర్చున్న ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది.

“ఏమ్మా, కారు చెడిపోయిందా?”

“కారుకేం పిన్నిగారూ, రాయిలా ఉంది.”

కుర్చీని బల్ల పక్కన నేల మీద పెట్టి, పిల్లను అందులో కూర్చోబెట్టింది. ఊరికి ఆ చివరకు ఏ బస్సు పోతుందో, పొద్దున్నే మొదటిది ఎప్పుడు వస్తుందో ఆవిణ్ణి అడిగి తెలుసుకుంది. రేపటి నుంచి ఇంకాస్త ముందు లేవాలి.