తోడేలు అనని మనిషి

మా లోయలో ఎస్కిల్‌కి ఎవరూ కాఫీ ఇవ్వరు. మంచు తొలగించడానికి వచ్చే ట్రాక్టరు మనిషికి ఇస్తారు, పొగగొట్టం శుభ్రం చేసేవాడికి ఇస్తారు, దారి తప్పి గుమ్మంలోకి వచ్చిన జర్మన్ యాత్రికులకి కూడా ఇస్తారు. ఎస్కిల్ మాత్రం తన ఫ్లాస్కు తనే తెచ్చుకుని కారులో కూర్చుని తాగుతాడు.

గొర్రె చచ్చిందని కబురు పెడితే వచ్చి, దాన్ని ఏ జంతువు చంపిందో తేల్చడం అతని పని. తోడేలో ఎలుగో అంటే సర్కారు పరిహారం ఇస్తుంది. నక్క అన్నా కుక్క అన్నా ఏమీ రాదు, పైగా కుక్కయితే అది ఎవరిదో వెతుక్కోవాలి. అతని నోట తోడేలన్న మాట రాదని మావాళ్ళ కోపం. పట్నంలో తోడేళ్ళని ప్రేమించేవాళ్ళేమో, అతను మాటకి ముందు తోడేలు అంటాడని పత్రికలకి ఉత్తరాలు రాస్తారు. గురువారం ప్రార్థన అయ్యాక మందిరంలో కాఫీ తాగుతూ మేం అతని గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పడం ఎంత పాపమో అంతకు అరగంట ముందే విని ఉండేవాళ్ళం. అయినా సర్కారు మనిషి మన పొరుగువాడి కిందికి వస్తాడని మాకెవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

సెప్టెంబరులో, అడవి మేత నుంచి గొర్రెల్ని దించిన మూడో రోజు సంగతి ఇది. రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే కింది బీడుకి వెళ్ళేసరికి నా ముసలి గొర్రె ఒకటి గుంట పక్కన చచ్చి పడి ఉంది. గొంతు దగ్గర, తొడ దగ్గర చర్మం చీలిపోయి ఉంది. దాని మీద నుంచి ఒక కుక్క తలెత్తి నా వైపు చూసింది. అది ఫ్లింక్, మా పక్కింటి టోర్లైవ్ పెద్దాయన వేటకుక్క. మూతినిండా ఉన్ని. నన్ను చూసి సంతోషంగా తోక ఊపింది. తర్వాత కంచె కింద దూరి ఇంటికి పోయింది.

టోర్లైవ్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. భార్య బోర్గిల్ పోయి రెండేళ్ళయింది. మంచం మీద ఆమె పడుకునే వైపు ఇప్పుడు ఫ్లింక్ పడుకుంటుంది. ఆయన ఎవరికీ చెప్పడు గానీ, ఎండలో ఆరేసిన దుప్పటి చూస్తే తెలుస్తుంది. గొర్రెని చంపిన కుక్కని బతకనివ్వకూడదని మా లోయలో అందరూ అంటారు. అందరికంటే గట్టిగా అనేది ఆయనే. తెలిసిందంటే తన తుపాకీతో తనే కాలుస్తాడు. మాట తప్పే మనిషి కాదు.

ఇంటికొచ్చి నా భార్య గుడ్వేగ్‌కి చెప్పాను.

"ఏం చేద్దామనుకుంటున్నావు?" అంది.

"పాతిపెట్టేద్దామని."

"నీ గొర్రె, నీ ఇష్టం. పార మాత్రం కొట్టంలో లేదు. పోయినవారం టోర్లైవ్ పట్టుకుపోయాడు."

నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయనే పార భుజాన వేసుకుని వచ్చాడు, వెనకాల ఫ్లింక్.

"అర్న్‌స్టైన్, నీ గొర్రెని చూశానయ్యా. తోడేలే. ఎస్కిల్‌కి ఫోన్ కూడా చేసేశాను. ఈసారి ఎలా తప్పించుకుంటాడో చూద్దాం."

గుడ్వేగ్ నా మొహం చూసి, స్టవ్ వైపు తిరిగిపోయింది.

ఎస్కిల్ వచ్చేలోగా నేను మేడ మీదికి వెళ్ళి మోకరించాను. అతను తోడేలు అనేలా చెయ్యమని అడిగాను. లేచాక ఆలోచిస్తే సిగ్గేసింది. అబద్ధాలకోరని నేను ఇన్నాళ్ళూ తిట్టిన మనిషి, ఈ ఒక్కరోజు నా కోసం అబద్ధమాడాలని దేవుణ్ణి అడిగాను.

పదకొండు గంటలకి అతను వచ్చాడు. సన్నటి మనిషి, రబ్బరు బూట్లు. ఫ్లింక్‌తో సహా టోర్లైవ్ కూడా మాతో బీడుకి వచ్చాడు. గొర్రె పక్కన కూర్చుని ఎస్కిల్ ముందు నన్నే అడిగాడు.

"పొద్దున దీని దగ్గర కుక్క ఏదైనా కనిపించిందా?"

"లేదు," అన్నాను.

అతను తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత కత్తి తీసి, గొంతు దగ్గర మొదలుపెట్టి, ఓపిగ్గా చర్మం ఒలవసాగాడు.

టోర్లైవ్ పార మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. "ఎంతసేపు గీకుతావయ్యా? తోడేలు వచ్చి సంతకం పెట్టిపోవాలా?"

"పెట్టిపోతే నాకు ఇంత దూరం వచ్చే పని తప్పుతుంది," అన్నాడు ఎస్కిల్ తల ఎత్తకుండానే.

"నాలుగేళ్ళ కిందట నా గొర్రెపిల్లల దగ్గర కూడా ఇలాగే గీకావు. గీకి గీకి కుక్క అన్నావు."

"నక్క అన్నాను."

"ఏదో ఒకటి. తోడేలు మాత్రం అనలేదు."

ఫ్లింక్ ఆయన బూట్ల దగ్గర కూర్చుని ఆవులించింది. దాని నోట్లోకి చూడకుండా ఉండటానికి నేను కొండవైపు చూశాను.

కాసేపటికి ఎస్కిల్ చర్మాన్ని వెనక్కి మడిచి పట్టుకున్నాడు. లోపలి వైపు తెల్లగా, శుభ్రంగా ఉంది.

"ఇలా రండి. గుండె కొట్టుకుంటుండగా పన్ను దిగితే, ఇక్కడ రక్తం గూడుకడుతుంది. నేరేడుపళ్ళు నలిపి పూసినట్టు ఉంటుంది. మీకేమైనా కనిపిస్తోందా?"

"ఏమీ లేదు," అన్నాడు టోర్లైవ్ వంగి చూసి.

"లేదు. తొడ దగ్గరా లేదు. అంటే చచ్చిపోయాకే ఏదో కొరికింది దీన్ని." గొర్రె వీపు మీద బురదకి అట్టకట్టిన ఉన్నిని వేలితో చూపించాడు. "రాత్రి ఈ గుంటలో వెల్లకిలా పడిపోయింది. ఉన్ని తడిసి బరువెక్కింది, లేవలేకపోయింది. కడుపు ఉబ్బి ప్రాణం పోయింది. దీన్ని ఎవరూ చంపలేదు."

"తోడేలు కాదన్నమాట."

"కాదు."

"నాకు తెలుసు నువ్విదే అంటావని," అన్నాడు టోర్లైవ్.

ఎస్కిల్ కత్తి తుడుచుకుని లేచాడు. "కొరికింది మాత్రం మీ కుక్కే. పళ్ళ మధ్య ఉన్ని ఇరుక్కుంది, తీసెయ్యండి. నులిపురుగుల మాత్ర కూడా ఒకటి వెయ్యండి."

టోర్లైవ్ మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లింక్ నోరు తెరిచాడు. బెత్తెడు పొడుగు ఉన్ని పోగు బయటికొచ్చింది. దాన్ని వేళ్ళకి చుట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

గుడ్వేగ్ గుమ్మంలోంచి పిలిచింది. "కాఫీ అయింది, రండి. ఎస్కిల్ గారూ, మీరు కూడా."

"నాకు ఫ్లాస్కు ఉందండీ," అన్నాడతను.

"ఉంటే ఉండనివ్వండి. అది ఎక్కడికీ పోదు."

అతను బూట్లు విప్పి లోపలికొచ్చాడు. ఒక మేజోడు చిరుగులోంచి బొటనవేలు కనిపిస్తోంది. దాన్ని రెండో పాదం కింద దాచుకుని కూర్చున్నాడు. వాఫిళ్ళనే గళ్ళ అట్లు, మేకపాల చీజు, కొండపళ్ళ జామ్ బల్ల మీద ఉన్నాయి. ప్రార్థన చెయ్యాల్సింది నేను. తల వంచాను గానీ నోట మాట రాలేదు.

"ఎస్కిల్," అన్నాను తలెత్తి. "కుక్క కనిపించిందా అని నువ్వడిగితే లేదన్నాను. అబద్ధం చెప్పాను. పొద్దున ఫ్లింక్‌ని గొర్రె మీదే చూశాను."

"తెలుసు," అన్నాడు. "లేదంటూ దానివైపే చూశావు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగి ఏం లాభం? అదే చంపిందని చెప్పేవాడివి. కళ్ళారా చూశావు కదా." కప్పు చేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు. "నువ్వు నిజం చెప్పినా నేను చర్మం తీసి చూసేవాణ్ణే. అందరి దగ్గరా అంతే. అందుకే నేనంటే ఎవరికీ గిట్టదు. వాళ్ళ మాట నమ్మలేదని."

అతని గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళనుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

టోర్లైవ్ నా వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"మీరు కాల్చేస్తారని."

"కాల్చేవాణ్ణే," అన్నాడాయన. గోడ గడియారం వైపు, తర్వాత తన చేతుల వైపు చూశాడు. "ఇతను వచ్చేలోపే కాల్చేసేవాణ్ణి."

తర్వాత ఆయన వాఫిళ్ళ పళ్ళెం తీసి ఎస్కిల్ ముందు పెట్టాడు. జామ్ సీసా కూడా జరిపాడు.

"పెద్దవి కిందున్నాయి, తీసుకో," అన్నాడు. "కానీ నా గొర్రెపిల్లల విషయంలో నువ్వు చెప్పింది తప్పే."

"నక్క," అన్నాడు ఎస్కిల్.

"సరేలే, తిన్నాక తేల్చుకుందాం. అర్న్‌స్టైన్, ముందు ప్రార్థన కానివ్వు. కాఫీ చల్లారిపోతోంది."

తల వంచాను. ఈసారి మాటలు వచ్చాయి. కాస్త ఎక్కువే వచ్చాయని గుడ్వేగ్ తర్వాత అంది. ఆమెన్ అనేదాకా బల్ల కింద ఫ్లింక్ తోక నా కాలికి తగులుతూనే ఉంది.